గూటిలో చల్లని గుడ్డు

అమెరికాలో మా అమ్మాయి వాళ్ళుండే ఊరు కమ్మింగ్‌లో చలి వెనక్కి తగ్గగానే పైన్ చెట్లు పుప్పొడి రాలుస్తాయి. మొదటి ఏడాది అది చూసి, ఎవరో తెల్లవారకముందే లేచి వీధంతా పసుపు చల్లి వెళ్ళిపోయారనుకున్నాను. కార్ల మీద, మెట్ల మీద, వాకిట్లో మరిచిపోయిన చెప్పుల మీద అంతా పసుపే. వేలితో గీస్తే గీత పడుతుంది, ఊదితే పొగలా లేస్తుంది. ఆ రోజుల్లో మా అమ్మాయీ అల్లుడూ తుమ్ముకుంటూ కిటికీలన్నీ బిగించుకుని కూర్చుంటారు. నన్ను ఆ పొడి ఏమీ చేయదు. పొద్దున్నే పెరటి తలుపు తీసుకుని బయటికి వెళ్ళి నిలబడేదాన్ని. కింద ఎర్రమట్టి, పైన పసుపు. పెరడంతా కడిగి పసుపు రాసిన గడపలాగా ఉండేది. అందులో కోళ్ళు నడిచిన గుర్తులు మూడేసి గీతల ముగ్గుల్లా పడి ఉండేవి. వాటి వెంట చూపు పోనిస్తూ నిలబడితే నేను ఏ దేశంలో ఉన్నానో, నా వయసెంతో కాసేపు జ్ఞాపకం ఉండేది కాదు.

అలాంటి ఒక పొద్దుటే గూట్లో చెయ్యి పెడితే చల్లని గుడ్డు తగిలింది.

ఆయన పోయిన తర్వాత మా అమ్మాయి నన్ను తన దగ్గరికి తెచ్చుకుంది. అమ్మాయీ అల్లుడూ ఇద్దరివీ కంప్యూటర్ ఉద్యోగాలు. వాళ్ళకి ఒక్కతే కూతురు, అప్పటికి తొమ్మిదేళ్ళది. ఆ పిల్ల కుక్కపిల్ల కావాలని పేచీ పెడితే, బొచ్చు పడదని చెప్పి అల్లుడు బేరమాడి బేరమాడి కోడిపిల్లల దగ్గరికి దించాడు. రైతు సామాన్లు అమ్మే కొట్లో మూడు పిల్లల్ని అట్టపెట్టెలో పెట్టి ఇచ్చారు. వాటికి చెక్కతో గూడు తెప్పించాడు. దానికి కిటికీలు, కిటికీలకి రెక్కలు, ఎక్కడానికి చిన్న నిచ్చెన. నేను పుట్టిన ఇంటికి అన్ని కిటికీలు లేవు.

పెరిగాక వాటిలో ఒకటి నల్లది, ఒకటి పొడలది, ఒకటి ఎర్రది అయ్యాయి. మనవరాలు మూడింటికీ ఇంగ్లీషు పేర్లు పెట్టింది. నాకు నోరు తిరగక రంగుతోనే పిలిచేదాన్ని. అందులో ఎర్రది ఆ పిల్లనే పట్టుకుని తిరిగేది. స్కూల్ బస్సు దిగి వస్తుంటే కంచె దాకా ఎదురు పరిగెత్తేది. పిల్ల మెట్ల మీద కూర్చుంటే ఒళ్ళోకి ఎక్కి కళ్ళు మూసుకునేది. పిల్ల దానికి తన పళ్ళెంలోని పెరుగన్నం, నూడుల్స్, రొట్టె ముక్క అన్నీ పంచేది. బళ్ళో ఎవరైనా ఏమైనా అంటే ఇంటికొచ్చి తల్లికి చెప్పేది కాదు, కోడికి చెప్పేది. నేను వంటింటి కిటికీలోంచి వినేదాన్ని. ఇంగ్లీషు కాబట్టి సగమే అర్థమయ్యేది. కోడికీ అంతే అయి ఉంటుంది.

నేను మెత్తని మనిషిని కాను. వాడిన ప్లాస్టిక్ సంచీ కడిగి ఆరేస్తాను. కాగితపు తువ్వాలు ఒక్కసారి తుడిచి పారేస్తే ఊరుకోను. మూడో తరగతి దాకా చదివాను, ఆపైన నేర్చుకున్నదంతా ఇల్లు గడపడమే. ఆ చలికాలం గుడ్లు తగ్గిపోయినప్పుడు ఒక రాత్రి భోజనాల దగ్గర అన్నాను.

"గుడ్డు పెట్టనిదాన్ని కూర్చోబెట్టి మేపడమెందుకు, ఆదివారం కూర వండేస్తే పోలా."

అల్లుడు నవ్వాడు. "అత్తయ్యగారికి ఛాన్స్ ఇస్తే ఏదో ఒక ఆదివారం నా పేరు కూడా రాసేస్తారు."

"మీరు ముదిరిపోయారు బాబూ, ఉడకరు" అన్నాను.

అందరం నవ్వుకున్నాం. మనవరాలు నవ్విందో లేదో ఎవరూ చూడలేదు.

మా అమ్మ పొద్దున్నే కోళ్ళని వదిలేముందు ఒక్కొక్కదాన్నీ చంకలో ఇరికించుకుని, చిటికెనవేలు నూనెలో ముంచి, తోక కింద చూసేది. గుడ్డు తగిలితే ఆ కోడిని బయటికి పోనిచ్చేది కాదు, గంప కింద మూసేది. వదిలిందంటే అది పక్కవాళ్ళ గడ్డివాములో పెట్టి వస్తుంది, ఆ గుడ్డు ఇక మనది కాదు. నావి సన్నని వేళ్ళని, నాకు ఊహ తెలిసీ తెలియని వయసులోనే ఆ పని నాకు అప్పజెప్పింది. గుడ్డు ఎంత లోపల ఉందో, ఎండెక్కాక పెడుతుందో, మధ్యాహ్నానికి పెడుతుందో, రేపటి మాటో అంతా వేలికే తెలిసేది. బళ్ళో పలక మీద నేర్చినవి చాలా వరకు చెరిగిపోయాయి. వేలు నేర్చింది పోలేదు.

ఇక్కడికి వచ్చిన కొత్తలో అలవాటుగా నల్లదాన్ని చంకలో పెట్టుకోబోయాను. మనవరాలు పరిగెత్తుకొచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"అమ్మమ్మా, నో. దానికి ప్రైవసీ ఉంటుంది."

"కోడికా?"

"ఎవరికైనా."

లోపల్నుంచి మా అమ్మాయి "వదిలెయ్యమ్మా, ఇక్కడవి గూట్లోనే పెడతాయి, ఎక్కడికీ పోవు" అంది.

నిజమే. చుట్టూ కంచె ఉంది. పోయి పెట్టడానికి పక్కవాళ్ళకి గడ్డివాము లేదు. సరే అని వదిలేశాను. అప్పుడే పెట్టిన గుడ్డుని కంటిరెప్ప మీద ఆనించుకోవడం మాత్రం మానలేదు. అది కూడా మా అమ్మ అలవాటే. ముందు కుడికన్ను, తర్వాత ఎడమకన్ను. ఆ వెచ్చదనానికి మూసిన కంట్లో ఎర్రని వెలుగు నెమ్మదిగా పరుచుకుంటుంది, ఎక్కడో పొద్దు పొడుస్తున్నట్టు. అంత చవకైన సుఖం నేను ఇంకోటి ఎరగను.

అందుకే ఆ పొద్దుట ఎర్రది పెట్టే మూలలో గుడ్డు తీసి రెప్పకి ఆనించగానే ఉలిక్కిపడ్డాను. రాయిలా చల్లగా ఉంది. వెలుతురులోకి తిప్పి చూశాను. పెంకు మీద గులాబీ రంగు ముద్ర, దాన్ని గోటితో గీకి చెరపబోయిన గుర్తులు ఉన్నాయి. అది మా ఫ్రిజ్‌లోని కొట్టు గుడ్డు.

బడికి సెలవులు కావడంతో ఆ వారం గుడ్లు నేనే తెస్తానని మనవరాలు పట్టుబట్టింది. ఆ రోజు అది లేవకముందే నేను వెళ్ళాను. పిల్ల ఆ గుడ్డు ముందు రోజు సాయంత్రమే తెచ్చి పెట్టి ఉంచిందన్నమాట. పెరట్లోకి చూశాను. పసుపులో నల్లది తిరుగుతోంది, పొడలది తిరుగుతోంది. ఎర్రదాని జాడ లేదు.

నల్లదాని గుడ్డూ ఈ గుడ్డూ కొంగులో పెట్టుకుని లోపలికి వచ్చేసరికి మనవరాలు లేచి వంటింట్లో పాలల్లో అటుకుల్లాంటివేవో వేసుకుని తింటోంది. అమ్మాయి చెవికి మైకు తగిలించుకుని కాఫీ కలుపుకుంటోంది.

"ఎగ్స్ వచ్చాయా అమ్మమ్మా?" అంది పిల్ల, గిన్నెలోంచి తలెత్తకుండా.

"వచ్చాయి. నల్లది ఒకటి పెట్టింది, ఫ్రిజ్ ఒకటి పెట్టింది."

చెంచా ఆగిపోయింది. అమ్మాయి మైకు మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"అమ్మా, కోప్పడకు. ఈ కాల్ అవ్వగానే చెప్తాను."

"నీకూ తెలుసన్నమాట."

"కాల్‌లో ఉన్నానమ్మా, ప్లీజ్."

"ఎర్రది ఏది?"

పిల్ల కుర్చీలోంచి జారి మేడ మీదికి పరిగెత్తింది. నా మోకాళ్ళతో నేను కమ్మీ పట్టుకుని వెనకే ఎక్కాను. దాని గదిలో బట్టలు తగిలించుకునే చిన్న గది ఉంది, క్లాజెట్ అంటారు. ఆ తలుపుకి అడ్డంగా రెండు చేతులూ చాపి నిలబడింది.

"తియ్యి" అన్నాను.

"నో. నువ్వు తనని కర్రీ చేస్తావు."

"ఎవరన్నారు?"

"నువ్వే అన్నావు. ఎగ్ పెట్టకపోతే సండే కుక్ చేస్తానన్నావు. నేను విన్నాను."

ఆ రాత్రి నవ్వుకుని చేతులు కడుక్కున్నాక ఆ మాట నేను మళ్ళీ తలుచుకోలేదు. ఈ పిల్ల దాన్ని చలికాలం నుంచి పదిలంగా దాచుకుంది. అంతలో తలుపు వెనక నుంచి ఒక మూలుగు వినిపించింది. సన్నగా, సాగదీసినట్టుగా. అది విని పిల్ల తనే పక్కకి జరిగి తలుపు తీసింది.

వేలాడే గౌనుల కింద, తువ్వాలు పరిచిన అట్టపెట్టెలో ఎర్రది నిలువుగా నిలబడి ఉంది. కోడి అలా నిలబడదు. తోక నేలకి వాలిపోయింది, ఈకలన్నీ ఉబ్బిపోయాయి, కళ్ళు సగం మూతలు పడ్డాయి. తల మీది తురాయి ఎరుపు పోయి వాడిన గులాబీలా ఉంది. ఉండుండి ఒళ్ళంతా బిగించి ముక్కుతోంది. పొట్ట కింద చెయ్యి పెట్టి చూస్తే గట్టిగా, వేడిగా తగిలింది.

"ఎప్పటినుంచి?"

"మొన్నటినుంచి. తినట్లేదు. వాటర్ కూడా తాగట్లేదు."

అప్పటికి అమ్మాయి కాల్ ముగించి పైకి వచ్చింది. "కంప్యూటర్‌లో చూశామమ్మా, గుడ్డు లోపల ఇరుక్కుందట. ఇక్కడి కుక్కల డాక్టర్ కోళ్ళని చూడనన్నాడు. చూసేవాళ్ళు చాలా దూరంలో ఉన్నారు, రేపు మధ్యాహ్నం రమ్మన్నారు."

"రేపటిదాకా ఇది ఉండదు."

తల్లీ కూతుళ్ళిద్దరూ నా వంక చూశారు. పిల్లకి ఇంట్లో తోబుట్టువు లేదు, మనసులో మాట చెప్పుకునేది ఈ ఒక్క ప్రాణికే. ఆ ప్రాణి నా చేతుల్లో పోతే, నేనెంత జాగ్రత్తగా పట్టుకున్నా సరే, ఆ పిల్ల బతికున్నంత కాలం నన్ను ఎలా గుర్తుపెట్టుకుంటుందో నాకు తెలుసు.

"కొబ్బరినూనె తే" అన్నాను అమ్మాయితో. పిల్ల వైపు తిరిగాను. "మరి ప్రైవసీ సంగతేం చేద్దాం?"

అది కోడి వంక చూసింది, నా చేతి వంక చూసింది. "నువ్వు చూడచ్చు" అంది.

కోడిని చంకలో పెట్టుకున్నాను. దాని గుండె నా పక్కటెముకల మీద కొట్టుకుంటోంది. ఎన్ని ఏళ్ళ తర్వాతో చిటికెనవేలు నూనెలో ముంచాను. వేలు లావెక్కింది, కణుపు వంకర పోయింది, అయినా దానికి దారి గుర్తుంది. గుడ్డు ఉంది. సన్నని కొస ఇటువైపుకే తిరిగి ఉంది, అడ్డం పడలేదు. పెంకు మాత్రం పలచగా, తోలు ముక్కలా లొంగుతోంది. గట్టి గుడ్డునైతే కోడి నెట్టగలదు. మెత్తనిది నెట్టిన కొద్దీ అక్కడే ఒదిగిపోతుంది. అలా నెట్టి నెట్టి దీనికి ఓపిక అయిపోయింది.

"లోపల పగిలితే?" అంది అమ్మాయి.

"పగలకూడదు."

పిల్ల ఏడవడం మొదలుపెట్టింది. నేను ఓదార్చలేదు. "ఏడిస్తే చెయ్యి వణుకుతుంది. చెయ్యి వణికితే గుడ్డు పగులుతుంది. ఏడవాలంటే బయటికెళ్ళి ఏడ్చి రా. ఉండాలంటే దీన్ని పట్టుకో."

ముఖం తుడుచుకుని ఉండిపోయింది.

టబ్బులో గోరువెచ్చని నీళ్ళు పట్టాం. అంతకంటే కాస్త వేడి చేశాం, బాలింతకి పోసినట్టు. అందులో కోడిని పొట్ట మునిగేలా దించాం. మొదట కాళ్ళు తన్నుకుంది. పిల్ల రెండు చేతులూ రెక్కల మీద వేసి దాని చెవి దగ్గర ఏదో గొణిగింది. బళ్ళో సంగతులు చెప్పే గొంతే అది. కోడి సర్దుకుంది. ఈకలు నీళ్ళల్లో విచ్చుకుని ఎర్రని చీర అంచులా తేలాయి. వాటి మధ్యనుంచి పసుపు విడిచి నీళ్ళ మీద సన్నని పొరలా పరుచుకుంది. నేను టబ్బు పక్కన పీట వేసుకుని, నీళ్ళ కింద అరచేత్తో దాని పొట్ట నిమురుతూ కూర్చున్నాను, పైనుంచి కిందికి, నొక్కకుండా.

అద్దానికి ఆవిరి పట్టింది. ఆవిరిలో గది గోడలు కనపడకుండా పోయాయి. నీళ్ళ చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. నా చెయ్యి తన పని తాను చేసుకుపోతోంది, నేను ఎటో పోతున్నాను. ఎవరో నా వీపు మీద వేడినీళ్ళు పోస్తున్నారు. చెంబు అంచు కాగుకి తగిలి మోగింది. మా అమ్మాయి పుట్టినప్పటి మాట. పురిటికి పుట్టింటికి వెళ్ళాను. నొప్పులు వచ్చి ఆగిపోయాయి, మంత్రసాని పెదవి విరిచింది. మా అమ్మ మాత్రం ఏమీ మాట్లాడకుండా నీళ్ళు కాచి నా నడుము మీద పోస్తూ కూర్చుంది. వంటింటి పొగ, కుంకుడు వాసన, తడి ఇటుకల వాసన. అమ్మ చేతి గాజులు నా వెన్ను మీద జారడం. నేను ఆ చెయ్యి కిందే ఉన్నాను, అదే చెయ్యి ఇప్పుడు నా భుజం నుంచి మొదలై కోడి పొట్ట కింద ఆగింది. ఏది ఎవరిదో విడదీయడం నా వల్ల కాలేదు.

"అమ్మమ్మా, తను నిద్రపోయింది" అంది పిల్ల.

చూశాను. కోడి తల పిల్ల మణికట్టు మీద వాలి ఉంది. ఊపిరి ఉంది. గుడ్డు మాత్రం ఉన్నచోటే ఉంది.

నీళ్ళు చల్లబడ్డాక తీసి తువ్వాలుతో ఒత్తి, తల ఆరబెట్టుకునే యంత్రంతో దూరం నుంచి వెచ్చగా ఆరబెట్టాం. తరువాత ఏం చేయాలో నాకు తెలుసు గానీ, దానికి కావలసింది ఈ ఇంట్లో లేదు. మా ఊళ్ళో గోడలకి సున్నం వేసేవాళ్ళం. గుడ్డుకి వచ్చిన కోడి తనంతట తానే వెళ్ళి గోడ గీకి తినేది, దానికి ఎవరూ చెప్పనక్కర్లేదు. మనుషులకైనా సున్నపు తేట పట్టేవాళ్ళు. ఇక్కడ గోడలకి రబ్బరు లాంటి రంగులు. ఎర్రదాని గూటికి రెక్కల కిటికీలున్నాయి గానీ గీక్కుని తినడానికి జానెడు సున్నపు గోడ లేదు. పైగా అది కొట్లో తెచ్చిన మేత వదిలేసి పెరుగన్నం మరిగింది.

అప్పుడు నా మందుల డబ్బా గుర్తొచ్చింది. నా మోకాళ్ళకని డాక్టరమ్మ రాసిన బిళ్ళలు, తెల్లగా, బొటనవేలి గోరంత ఉంటాయి. ఎముకలకి సున్నం అని అమ్మాయి చెప్పింది. మింగలేక చాలా మిగిల్చాను. ఒకటి విరిచి, సగం మెత్తగా నూరి, నీళ్ళల్లో కలిపి, పిల్లల మందు చుక్కలు వేసే గొట్టంతో ముక్కు పక్కనుంచి కొద్దికొద్దిగా పట్టాను.

"అది నీ మెడిసిన్ కదా" అంది పిల్ల.

"ఇది నాకంటే బాగా మింగుతోంది చూడు."

ఇక గంప కావాలి. మాసిన బట్టలు వేసే ప్లాస్టిక్ బుట్ట ఖాళీ చేసి, కోడిని క్లాజెట్‌లో తువ్వాలు మీద పెట్టి, బుట్ట బోర్లించి, దాని మీద నా పాత నూలు చీర కప్పాను. తలుపు దగ్గరగా వేశాను. లోపల చీకటి, గోరువెచ్చదనం, నాఫ్తలీను ఉండల వాసన. పిల్ల బయటికి పోనంది. ఇద్దరం గౌనుల కింద గోడకి చేరబడి కూర్చున్నాం. బయట వాన మొదలైంది. కప్పు మీద దాని చప్పుడు ఎవరో బియ్యం చెరుగుతున్నట్టుంది.

"ఇప్పుడు ఏం చెయ్యాలి?" గుసగుసగా అడిగింది.

"ఏమీ చెయ్యకూడదు."

"ఊరికే కూర్చోవాలా?"

"ఊరికే కూర్చోవడమూ పనే. మీ అమ్మ పుట్టినప్పుడు మా అమ్మ నన్ను చీకటి గదిలో పడుకోబెట్టి, ఎవరినీ రానీకుండా గుమ్మంలో కూర్చుంది. ఒక్క మాట మాట్లాడలేదు."

"నీకు పెయిన్ వచ్చిందా?"

"వచ్చింది."

బుట్ట కింద గోళ్ళు కదిలిన చప్పుడై ఆగిపోయింది.

"అమ్మమ్మా, ఎగ్ రాకపోతే?"

"రాకపోతే పోతుంది." అబద్ధం చెప్పడం నాకు చేతకాదు.

చీకట్లో అది ఊపిరి బిగబట్టడం తెలిసింది. మళ్ళీ వదిలింది. "వచ్చాక, తను ఇంకెప్పుడూ పెట్టకపోతే? సండే..."

దాని ముఖం కనపడటం లేదు. కనపడకపోవడమే మేలయింది, నాదీ దానికి కనపడదు.

"ఆదివారం పప్పు వండుతాను."

"ఎవ్రీ సండేనా?"

"ముందు నోరు మూసుకో. అది వింటోంది."

నా భుజం మీద తల పెట్టింది. బరువుగా, జుట్టు తడిగా ఉంది. గౌనుల అంచులు ముఖానికి తగులుతున్నాయి. కళ్ళు ఎప్పుడు మూతలు పడ్డాయో తెలియదు. పెరడంతా పసుపు. మధ్యలో మా అమ్మ చంకలో కోడితో నడిచి వస్తోంది, నాకంటే చిన్నదిగా ఉంది, నా కూతురి వయసు ఉంటుంది. ఆవిడ నడిచిన చోట అడుగులు పడటం లేదు, కోడి అడుగులు పడుతున్నాయి. ఆ అడుగులు నిచ్చెన ఎక్కి, ఇంట్లోకి వచ్చి, మెత్తని మెట్ల మీదుగా మేడ ఎక్కాయి. అమ్మ గుమ్మం దగ్గర ఆగి "చూశావుటే?" అని అడిగింది. "చూశానమ్మా" అన్నాను. "ఎంతలో ఉంది?" అంది. వేలు చూపించబోయాను. ఎంతలో ఉందో చెప్పబోతున్నాను.

కంటిరెప్ప మీద వెచ్చగా తగిలింది.

కుడికంటి మీద. మూసిన కంట్లో ఎర్రగా వెలుగు పరుచుకుంది. కదల్లేదు. కాసేపటికి అది ఎడమకంటి మీదికి వచ్చింది.

"వార్మ్‌గా ఉందా అమ్మమ్మా?" పిల్ల గొంతు నా ముఖం మీదే ఉంది.

కళ్ళు తెరిచాను. చీర తొలగించి ఉంది, బుట్ట పక్కకి పడి ఉంది. తలుపు సందులోంచి వచ్చిన వెలుగులో ఎర్రది కాళ్ళ మీద నిలబడి, తోక ఎత్తి, ఏమీ జరగనట్టు తువ్వాలు దారాలు పొడుచుకుంటోంది. పిల్ల అరచేతిలో గుడ్డు ఉంది. పెంకు ముడతలు పడి, రంగు సరిగా పట్టక, చేత్తో పట్టుకుంటే కాస్త లొంగుతోంది. పగల్లేదు.

"గట్టిగా పట్టుకోకు" అన్నాను.

సాయంత్రం అల్లుడు ఆఫీస్ నుంచి వచ్చి సంగతంతా విన్నాడు. టై వదులు చేసుకుంటూ "అయితే అత్తయ్యగారూ, ఆదివారం లిస్టులో ఇక నేనొక్కణ్ణే మిగిలానా?" అన్నాడు.

"మిమ్మల్ని ఇవాళ కూడా చూశాను బాబూ. ఇంకా ఉడకరు."

ముడతల గుడ్డుని పారెయ్యలేదు. ఉడికించి, చిదిపి, ఎర్రదానికే పెట్టాను. కొట్టు గుడ్డు అట్టు పోసి మనవరాలికి పెట్టాను. అది ముద్ర చెరిపిన సంగతి తల్లి ఎత్తబోతే, తిననివ్వమన్నాను. ఆ రోజు నుంచి ఇంట్లో పగిలే ప్రతి గుడ్డు పెంకూ కడిగి, ఎండబెట్టి, రోట్లో దంచి కోళ్ళకి పోశాను. అన్ని రోజులూ ఆ పెంకులు చెత్తలో పోతున్నాయని తలుచుకుంటే ఇప్పటికీ ప్రాణం ఉసూరుమంటుంది. పెరుగన్నం బంద్ చేశాను. పిల్ల పేచీ పెట్టింది గానీ దొంగచాటుగా పెట్టలేదు. ఇక నా దగ్గర దాచడం మానేసింది. బళ్ళో ఎవరో జడ లాగిన సంగతి ఒకసారి కోడికి చెప్తూ చెప్తూ, కిటికీ వైపు తిరిగి మిగతా సగం తెలుగులో నాకు చెప్పింది.

ఎర్రది ఆ వేసవంతా పెట్టింది, గట్టి పెంకుతో. తర్వాత గుడ్డుకీ గుడ్డుకీ ఎడం పెరిగింది. మళ్ళీ పసుపు రాలే రోజులు వచ్చేసరికి నల్లదీ పొడలదీ గుడ్లు పెట్టడం అందుకున్నాయి, ఎర్రది అందుకోలేదు. అయినా పొద్దున్నే గూడెక్కి తన మూలలో కూర్చునేది. నేను వెళ్ళి దాని పొట్ట కింద చెయ్యి పెట్టేదాన్ని. ఈకలు మణికట్టు దాకా మూసుకునేవి. గుడ్డు లేదు. గుడ్డు ఉండే చోట వెచ్చగా ఉండేది, అంతే. చెయ్యి తియ్యాలనిపించేది కాదు. చెట్ల మీద నుంచి పసుపు రాలుతూ ఉండేది, నా జుట్టు మీద, దాని వీపు మీద.

వంటింట్లోంచి మా అమ్మాయి కేకేసేది. "ఏమ్మా, ఉందా?"

"చూస్తున్నానే, ఉండు" అనేదాన్ని.